గిడుగు రామమూర్తిగారి కృషిలో పూనిక: ఒక పరిశీలన

1

కష్టములను తట్టుకొని నిలిచే గుణమును చెప్పడానికి తెలుగులో మాటలకు కొరత లేదు. ఓర్పు, నిబ్బరము, పట్టుదల, పూనిక అనే నాలుగును నిత్యవ్యవహారములో ఉన్నవే. వీటిని పర్యాయపదములవలె వాడడము కద్దు. కాని అర్థచ్ఛాయలను విడదీసి చూచినప్పుడు నాలుగును నాలుగు వేర్వేరు స్థితులను తెలుపుతవి. ఓర్పు అనగా వచ్చిపడిన బాధను సహించడము. అది బాధ ఉన్నంతవరకే పనిచేసే గుణము. నిబ్బరము సంస్కృత 'నిర్భర' శబ్దమునుండి ఏర్పడినది. మనస్సు తొణకక నిండుగా ఉండడము దాని భావము. పట్టుదల అనగా పట్టిన పట్టు విడవకపోవడము. అందులో మంచి ఎంత ఉండవచ్చునో మొండితనమూ అంత ఉండవచ్చును. పూనిక ఈ మూడింటికన్న భిన్నమైనది. 'పూను' అనే ధాతువునకు ఉపక్రమించు, వహించు అనే అర్థములు ఉన్నవి. దాని ప్రేరణరూపమైన 'పూన్చు' రథమునకు గుర్రములను, బండికి ఎద్దులను కట్టే సందర్భములో వాడబడుతున్నది. కనుక పూనిక అనగా తన మెడను తానే ఒక కాడికి ఇవ్వడము. బరువున్నదని తెలిసి, దూరమున్నదని తెలిసి ఇచ్చే మెడ అది.

జీవితములో కష్టములు ఎదురైనప్పుడు ఆశ విడువరాదని, ప్రయత్నము మానరాదని పెద్దలు చెప్పుతూ ఉంటారు. ఆ బోధలో ఒక అంశము మాత్రము తరచుగా అస్పష్టముగా మిగిలిపోతున్నది. ఆశ ఫలమును బట్టి ఉండేదైతే, ఫలము కనుచూపుమేరలో లేనప్పుడు ప్రయత్నము దేనిమీద నిలుస్తుంది? ఏండ్ల తరబడి ఓటమియే ఎదురైన మనిషి మరునాటి ఉదయము మళ్ళీ పనికి కూర్చోవడానికి ఆధారమేమిటి? ఈ ప్రశ్నను ఉపదేశముగా గాక ఒక జీవితమును సాక్ష్యముగా తీసికొని పరిశీలించడము మేలు. అందుకు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి (1863–1940) జీవితము మిక్కిలి తగినది. ఆయన ఏకకాలములో రెండు కాడులకు మెడ ఇచ్చినారు. ఒకటి తెలుగుదేశమంతటను కోలాహలము రేపిన వ్యావహారిక భాషావాదము. రెండవది కొండలలో, పెద్దగా ఎవరి దృష్టికిని రాక, దాదాపు నాలుగు దశాబ్దములు సాగిన సవరభాషా పరిశోధన. ఈ రెండింటినీ విడివిడిగా ప్రశంసించిన రచనలు అనేకము ఉన్నవి. ఒకదానికి మరొకటి ఎట్లు ఊతమైనదో చూచినప్పుడు గాని ఆయన పూనిక స్వరూపము తెలియదు.

2

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించినారు. తండ్రి వీర్రాజుగారు 1875లో మరణించినారు. అప్పటికి కుమారునికి పన్నెండేండ్లు. ఆ తరువాత చదువు విజయనగరములో బంధువుల ఇంట సాగినది. అక్కడి పాఠశాలలో గురజాడ అప్పారావుగారు సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, కుటుంబభారమును బట్టి పై చదువు ఆపి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. పట్టపరీక్షలో ఉత్తీర్ణులైనది 1896లో. అనగా మెట్రిక్యులేషనుకును పట్టమునకును నడుమ పదునేడేండ్ల వ్యవధి ఉన్నది. పగలు పాఠము చెప్పి, మిగిలిన వేళలలో తాను చదువుకొని పొందిన పట్టమది.

ఈ పదునేడేండ్లను వట్టి ఆలస్యముగా లెక్కించరాదు. ముఖలింగాలయములోని శాసనములను చదవడానికి ప్రాచీన లిపులను ఆయన స్వయముగా నేర్చుకొన్నారు. చరిత్ర బోధించే ఉపాధ్యాయునికి అది అలంకారముగా కనబడవచ్చును. తరువాతి భాషావివాదములో ఆ శాసనపరిచయమే ఆయనకు పెట్టుబడి అయినది. పరీక్షకు ఉపకరించని విద్యను, ఎవరును అడుగని విద్యను సమకూర్చుకొనడము ఆయనకు చిన్ననాటనే అలవడినది. పూనికకు ఇది మొదటి లక్షణముగా గుర్తించవచ్చును.

3

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబమునకు చెందిన ముండా శాఖలోనిది. ఒకవైపు ద్రావిడభాషయైన తెలుగు, మరొకవైపు ఆర్యభాషయైన ఒడియా. ఈ రెండింటి నడుమ, రెండింటికిని చుట్టరికము లేని మూడవ భాష అది. పట్టణములోని విద్యావంతులకు సంతలోను, కచేరీలోను సవరలతో పని పడేది. వారి మాట నేర్చుకొనవలెనన్న ఆలోచన మాత్రము అరుదు.

రామమూర్తిగారు తెలుగు, సవర భాషలు రెండును తెలిసిన ఒక మనిషిని తమ ఇంటనే ఉంచుకొని ఆ భాష అభ్యసించినారు. ఇక్కడ అభ్యాసమనగా పదములను వ్రాసుకొని కంఠస్థము చేయడము కాదు. సవరలో తెలుగునకు లేని ధ్వనులు ఉన్నవి. కంఠబిలము క్షణకాలము మూసికొని తెరచుకొనడమువలన పుట్టే అవరోధధ్వని వాటిలో ముఖ్యమైనది. తెలుగు చెవికి అది ధ్వనిగానే తోచదు. మాట మధ్యలో తెగినట్లు మాత్రమే తోస్తుంది. ఇక పదనిర్మాణము మరింత విలక్షణమైనది. అనేక నామములకు విడిగా వాడే పూర్ణరూపమొకటి, క్రియలో ఇమిడిపోయే హ్రస్వరూపమొకటి ఉంటవి. పులి నిన్ను పట్టుకొంటుంది అనే వాక్యార్థమును సవర ఒకే క్రియాపదములో చెప్పగలదు; పట్టే పులియు, పట్టుబడే మనిషియు ఆ క్రియలోనే ఇమిడి ఉంటారు. తెలుగు, సంస్కృత వ్యాకరణముల చట్రములో ఇటువంటి నిర్మాణము ఇమడదు. నేర్చుకొనేవాడు తనకు తెలిసిన వ్యాకరణమును ప్రక్కకు పెట్టి, మాట్లాడేవాని నోటినే ప్రమాణముగా గ్రహించవలసి ఉంటుంది.

ఈ అభ్యాసము కొన్నేండ్లు సాగిన తరువాత ఆయన సవరలకు వారి భాషలోనే చదువు చెప్పే పాఠశాలలను తమ సొంత సొమ్ముతో నెలకొల్పి, ఉపాధ్యాయులకు జీతములు తామే ఇచ్చినారు. చదువుకు పుస్తకములు కావలెను గనుక వాచకములను, కథలను, పాటలను సవరలో తెలుగు లిపితో సిద్ధము చేసినారు. ఆ పుస్తకములకు మెచ్చి మద్రాసు ప్రభుత్వము వేయి రూపాయల పారితోషికము ఇవ్వజూపగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టవలసినదని కోరిన సంగతి ప్రసిద్ధము. 1913లో ప్రభుత్వము ఆయనకు రావుబహదూర్ బిరుదమిచ్చినది.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యము సామాన్యమైనది కాదు. కొండజ్వరము ఆ ప్రాంతమున అప్పటికి పెద్ద శాపము. అడవులలో తిరిగినందున జ్వరము మాటిమాటికి తగిలేది. దానికి మందు క్వినైను. క్వినైను ఎక్కువగా వాడితే వినికిడి దెబ్బతింటుంది. రామమూర్తిగారి విషయములో అదియే జరిగినది. ఆయనకు చెవుడు వచ్చినది. అది ఆయువుండగా పోలేదు.

ఒక వణికుడో వ్యవసాయదారుడో చెవుడు పొందడము వేరు. ధ్వనిశాస్త్రమే వృత్తిగా పెట్టుకొన్నవాడు పొందడము వేరు. వ్రాతలేని భాషను వ్రాయడానికి కూర్చున్నవానికి చెవియే పుస్తకము, చెవియే నిఘంటువు. అది మూతపడిన తరువాత పని ఆగిపోవడమే సహజము. ఆగలేదు. వినికిడి ఉన్న కాలములో సేకరించిన సామగ్రి ఉన్నది. కుమారులు సీతాపతిగారు (1885–1969) అదే పరిశోధనలో ప్రవేశించి తోడ్పడినారు. ధ్వనులను చెవితో మాత్రమేగాక ఉచ్చారణస్థానములను బట్టి నిర్ణయించే శాస్త్రమును ఆయన పాశ్చాత్య గ్రంథములనుండి నేర్చి, అంతర్జాతీయ ధ్వనిలిపిని అనుసరించినారు. 1931లో ఆంగ్లములో వెలువడిన సవరభాషా వ్యాకరణము ముఖపత్రముమీద భాషానామములోనే దీర్ఘమును సూచించే రెండు చుక్కలు కనబడుతవి. ఆ రెండు చుక్కలు చిన్న విషయమే. చెవి పోయిన తరువాత కూడా అచ్చు ఎంతసేపు పలుకవలెనో విడువక గుర్తించిన మనిషి శ్రద్ధకు అవి సాక్ష్యము. సవర-ఆంగ్ల నిఘంటువు 1938లో, ఆయన డెబ్బదియైదవ ఏట వెలువడినది.

4

రెండవ కాడి వ్యావహారిక భాషావాదము. దాని పుట్టుకను గూర్చి విపులముగా చెప్పనవసరము లేదు. ఉత్తర సర్కారులలో పాఠశాలల పర్యవేక్షకుడుగా ఉన్న జె. ఏ. యేట్స్ దొర తరగతిలో 'పులి' అని చెప్పిన పిల్లవానిని ఉపాధ్యాయుడు సరిదిద్ది 'వ్యాఘ్రము' అనిపించడము చూచి ఆశ్చర్యపడినాడనే కథ అందరికిని తెలిసినదే. పిల్లలు ఇంట మాట్లాడే భాషకును బడిలో వ్రాసే భాషకును ఉన్న ఎడమును గూర్చి యేట్స్, పి. టి. శ్రీనివాసయ్యంగారు, గురజాడ, గిడుగు 1906 ప్రాంతమునుండి చర్చించినారు. 1911లో ఉద్యోగమునుండి విరమించిన తరువాత రామమూర్తిగారు తమ కాలమును దీనికి ధారపోసినారు. 1913లో ఆధునికాంధ్రమును గూర్చి ఆంగ్లములో ఒక విజ్ఞాపనపత్రమును ప్రకటించినారు.

ఎదుటిపక్షము బలమైనది. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు, జయంతి రామయ్యపంతులుగారివంటి పండితులు గ్రాంథికమునకు అండగా నిలిచినారు. వారి పక్షమును అజ్ఞానముగా కొట్టివేయడము న్యాయము కాదు. భాష చీలికలైపోవునని, నన్నయనాటినుండి వచ్చే సంపద తరువాతి తరములకు అందకుండాపోవునని వారికి నిజమైన భయము ఉండినది. ఇంటర్మీడియెట్ వ్యాసరచనలో ఏ భాష ఉండవలెనో నిర్ణయించడానికి మద్రాసు విశ్వవిద్యాలయము నియమించిన సంఘములో అధికసంఖ్యాకులు గ్రాంథికము వైపే ఉన్నారు. గురజాడ 1914లో తమ భిన్నాభిప్రాయమును విపులముగా వ్రాసి సమర్పించినారు. ఫలితము లేకపోయినది. 1915 నవంబరు 30వ తేదీన గురజాడ మరణించినారు.

ఈ సన్నివేశము ఆలోచింపదగినది. వాదము ఓడినది. సహాధ్యాయుడు, సహవాది అయిన మిత్రుడు గతించినాడు. తనకు యాబదిరెండేండ్లు, ఉద్యోగము లేదు, చెవి వినబడదు. సభలో ఎదుటివాడు ఏమి ఆక్షేపించినదీ వినలేని మనిషికి వాదరంగము ఎంత కష్టమో ఊహించవచ్చును. అటువంటివాడు 1916లో కొవ్వూరులో జరిగిన ఆంధ్రసాహిత్య పరిషత్తు సభకు వెళ్ళి, ప్రతిపక్షుల వేదికమీదనే గంటల తరబడి తన పక్షమును ప్రతిపాదించినాడు. 1919లో కందుకూరి వీరేశలింగముగారు అధ్యక్షులుగా, తాను కార్యదర్శిగా వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము రాజమహేంద్రవరములో ఏర్పడినది. ఆ సంవత్సరము మే 27వ తేదీన వీరేశలింగముగారు కూడా మరణించినారు. అదే సంవత్సరము రామమూర్తిగారు 'తెలుగు' అనే మాసపత్రికను ఆరంభించినారు. అది ఒక ఏడాది మాత్రమే నడచినది.

ఇంతవరకు చెప్పిన వరుసలో విజయమనదగినది ఒక్కటియు లేదు. మొట్టమొదటి చెప్పుకోదగిన మార్పు 1924లో వచ్చినది: ఆంధ్రసాహిత్య పరిషత్తు కాకినాడలో వ్యావహారికముమీది నిషేధమును తొలగించినది. 1914కును 1924కును నడుమ ఉన్న పదేండ్లే ఈ వ్యాసములోని ప్రశ్నకు కేంద్రము.

5

ఆ పదేండ్లలో రామమూర్తిగారు ఏమి చేసినారో చూస్తే వారి పూనిక ఎట్లు పనిచేసినదో తెలుస్తుంది. ఇందులో మూడు అంశములు గుర్తించదగినవి.

మొదటిది: ఓటమిని ఆయన తీర్పుగా గాక సమాచారముగా గ్రహించినారు. 1914లో వాదము ఓడినది దేనివలన? వ్యవహారభాష గ్రామ్యమనియు, పూర్వులు దానిలో వ్రాయలేదనియు పండితులకు గల నమ్మకమువలన. అట్లయితే ఆ నమ్మకమునకు ఎదురుగా పెట్టవలసినది ఆవేశము కాదు, ప్రయోగములు. పూర్వకాలపు శాసనములలో, వ్యాఖ్యానములలో, వచనగ్రంథములలో, లేఖలలో పండితులే వాడిన వ్యవహారరూపములను ఆయన ఒక్కొక్కటిగా ఏరి చూపడానికి పూనుకొన్నారు. 'గద్యచింతామణి' ఆ సేకరణకు ఫలము. గ్రాంథికమునే వ్రాయుచున్నామని భావించేవారి రచనలలో బాలవ్యాకరణమునకు విరుద్ధమైన రూపములను ఎత్తి చూపినది 'బాలకవిశరణ్యము'. పండితులు అసమర్థులని నిరూపించడము ఆ గ్రంథ ప్రధానోద్దేశము కాదు. శాస్త్రము చదివినవారే తప్పక వ్రాయలేని భాషను పదునాలుగేండ్ల పిల్లవానినుండి కోరడము ఎంతవరకు న్యాయమనునదే అందులోని ప్రశ్న.

రెండవది: చేతిలో ఉన్న పనిని, చేతిలో లేని ఫలమునుండి ఆయన వేరుచేసికొన్నారు. విశ్వవిద్యాలయ సంఘములో ఎవరు ఎటు ఓటువేయుదురో ఆయన చేతిలో లేదు. ఈ దినము ఒక శాసనము చదివి రెండు ప్రయోగములు వ్రాసికొనడము చేతిలో ఉన్నది. నిరాశకు చాలవరకు కారణము ఈ రెండింటిని కలిపివేయడమే. ఫలము రాలేదు గనుక పని వ్యర్థమని తోచడము, పని వ్యర్థమని తోచినందున మరునాడు చేయి ఆడకపోవడము ఒక చక్రము. ఆ చక్రములో చిక్కుకొనని మనస్సు పనిని చిన్న చిన్న భాగములుగా పంచుకొంటుంది. ఏ భాగమునకు ఆ భాగము పూర్తియైనప్పుడు దాని తృప్తి దానికి ఉంటుంది. నిఘంటువు వ్రాసేవానికి ఈ రహస్యము తెలియకపోతే 'అ'కారము దాటడు.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. ఆయన రెండు కృషులును ఒకదానికొకటి ఆధారమైనవి. లిపిలేని, కావ్యములేని, పండితుడులేని సవరభాషకు ఎంతటి సూక్ష్మమైన వ్యాకరణమున్నదో ఆయన స్వయముగా చూచినారు. కొండమీద కట్టెలు కొట్టుకొనే మనిషి నోటిలో నియమము తప్పని క్రియారూపములు ఉన్నవి. ఆ అనుభవము కలిగినవానికి, నోటిమాటకు వ్యాకరణము లేదనే వాదము వినబడినప్పుడు దానికి బదులు పుస్తకములో వెదకనవసరము లేదు. తెలుగు వివాదములో 'గ్రామ్యము' అనే మాట ఆయనను భయపెట్టలేకపోయినది అందువలన. ఇంకొక వైపు చూస్తే, తెలుగు సభలలో తల బొప్పి కట్టిన దినములలో సవర వ్యాకరణము ఆయనకు నిశ్శబ్దమైన ఆశ్రయమైనది. అక్కడ ప్రతిపక్షి లేడు, చప్పట్లు లేవు. ఒక క్రియారూపము నిజమా కాదా అనే ప్రశ్న మాత్రమే ఉన్నది. ఒక దారి మూసికొన్నప్పుడు మనిషి నడవడానికి రెండవ దారి ఉండడము పూనికను నిలిపే బలములలో ఒకటి. అది పలాయనము కాదు; నడక ఆగకుండా చూచుకొనడము.

ఈ మూడింటిని కలిపి చూచినప్పుడు ఆశ అనే మాటకు వేరొక అర్థము తోస్తుంది. మంచి జరుగునని నమ్మడము ఒక విధమైన ఆశ. చేస్తున్నది సత్యమని, ఎవరు అంగీకరించినా అంగీకరింపకున్నా అది సత్యముగానే ఉంటుందని నమ్మడము మరొక విధము. మొదటిది వార్తలను బట్టి పెరిగి తరుగుతుంది. రెండవదానికి వార్తలతో పని లేదు. రామమూర్తిగారిని నడిపినది ఈ రెండవ ఆశ.

6

ఇట్టి జీవితములను గూర్చి వ్రాసేటప్పుడు ఒక ప్రమాదము ఉన్నది. కష్టములను అలంకారములుగా మార్చి, చివరకు అన్నియు మేలుకే జరిగినవని చెప్పడము సులభము. క్వినైనువలన వచ్చిన చెవుడు ఎవరికిని మేలు చేయలేదు. అది లేకున్నచో సవరధ్వనుల వర్ణన ఇంకను సుకరమై ఉండేది. కష్టము మనిషిని గొప్పవానిని చేయదు. కష్టములో కూడా చేయదగిన పనిని కనుగొనడము చేస్తుంది. ఈ భేదమును విద్యార్థులకు స్పష్టముగా చెప్పవలసి ఉన్నది. లేనిచో పూనికను బోధించడము బాధను పొగడడముగా పరిణమిస్తుంది.

రామమూర్తిగారి పూనికకు హద్దులును ఉన్నవి. వాదములో ఆయన కలము పదునైనది. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము' అనే శీర్షికయే అందుకు సాక్షి. నొచ్చిన మనస్సులు త్వరగా అంగీకరించవు. ఆయన పెట్టిన సవర పాఠశాలలకు ఆధారము ఒక ఉపాధ్యాయుని జేబు. అట్టి బడులకు ఆ మనిషి శక్తిని మించిన వ్యాప్తి ఉండడము కష్టము. మరొక విషయము కూడా మరువరానిది. ఇంట కూర్చుండబెట్టి ఆయనకు సవర నేర్పిన మనిషి పేరు ఆ పుస్తకముల ముఖపత్రములమీద లేదు. అడిగిన మాటనే పదిసార్లు విసుగక పలికి చూపిన ఆ ఓర్పు లేకుండా ఈ పూనికకు ఫలము లేదు. భాషాపరిశోధనలో ఇట్టి అజ్ఞాత గురువులకు చెల్లించవలసిన ఋణము ఇప్పటికిని చాలవరకు బాకీగానే ఉన్నది.

7

1934లో ప్రభుత్వము రామమూర్తిగారికి కైజర్-ఇ-హింద్ పతకము ఇచ్చినది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది. ఈ రెండింటికిని నడుమ ఆయనకు మరొక కష్టము వచ్చినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినది. పర్లాకిమిడి అందులో చేరినది. ఆ ఏర్పాటు ఆయనకు సమ్మతము కాలేదు. యాబదియారేండ్లు నివసించిన ఊరిని డెబ్బదిమూడవ ఏట విడిచి రాజమహేంద్రవరము చేరినారు. సరిహద్దులను గూర్చిన ఉభయపక్షముల వాదములు ఇక్కడ విచారణీయములు కావు. సవరకొండలు కనబడే ఊరిని విడిచిన తరువాత రెండేండ్లకు సవర నిఘంటువును ప్రకటించినారనేది మాత్రము గమనింపదగినది.

అదే 1936లో కొండలమీద మరొక సంఘటన జరిగినది. సవరజాతికి చెందిన మంగేయి గొమాంగో తమ భాషకు 'సొరంగ్ సొంపెంగ్' అనే స్వతంత్రలిపిని కల్పించినారు. రామమూర్తిగారు సవరను తెలుగు లిపిలోను, ధ్వనిలిపిలోను వ్రాసినారు. ఆ జాతివారు తమ లిపిని తామే నిర్మించుకొన్నారు. ఒకరి కృషి మరొకరి కృషిని అనుసరించిందని చెప్పడానికి ఆధారము అవసరము లేదు. తమ మాట వ్రాతకు తగినదే అనే విశ్వాసము రెండింటిలోను ఒక్కటే. 2012లో ఆ లిపి యూనికోడ్ ప్రమాణములో చేరినది. 2011 జనాభా లెక్కలలో సవర మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 4 లక్షలు. సవర పిల్లలకు తొలి తరగతులను వారి భాషలోనే బోధించే పథకములను ఆంధ్రప్రదేశ్, ఒడిశా ప్రభుత్వములు ఈ శతాబ్దపు తొలి దశాబ్దములో చేపట్టినవి. ఒక ఉపాధ్యాయుడు తన జీతపురాళ్ళతో చేసి చూపిన పనిని ప్రభుత్వములు విధానముగా స్వీకరించడానికి దాదాపు ఒక శతాబ్దము పట్టినదన్నమాట.

తెలుగు విషయములోను అట్లే. 1940 జనవరి 15వ తేదీన మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయములో పత్రికా సంపాదకుల నడుమ రామమూర్తిగారు తమ తుది ప్రసంగము చేసినారు. పత్రికలు, రచయితలు వ్యవహారభాషను ఆదరిస్తున్నందుకు సంతోషమును, విద్యాసంస్థలు, ప్రభుత్వము ఇంకను దానిని స్వీకరించనందుకు విచారమును అందులో కనబరచినారు. ఆ నెల 22వ తేదీన మరణించినారు. అనగా పని సగమే అయినదని తెలిసియే వెళ్ళినారు. పాఠ్యపుస్తకములలో, పరీక్షలలో, విశ్వవిద్యాలయములలో శిష్టవ్యావహారికము స్థిరపడడానికి ఇంకొక మూడు దశాబ్దములు కావలసివచ్చినది. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని నేడు తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొంటున్నారు.

భారతీయభాషలలో పరిశోధన చేసేవారికి ఈ చరిత్ర కేవలము కీర్తనీయము కాదు, ఉపయోగకరము. వారిలో అనేకుల పని ఫలము తమ కాలములో చూడలేని పని. ఒక మాండలికమునకు పదకోశము, ఒక తాళపత్రమునకు పరిష్కరణము, చదివేవారు పదిమందియైనా లేని ఒక వ్యాకరణము. గెలుపు వచ్చునని మనస్సును ఊరడించుకొనడము అట్టి పనికి చాలదు. ఆ ఊరడింపు మొదటి ఓటమితోనే పోతుంది. నేడు చేయదగిన భాగమేదో తెలిసికొని దానిని తప్పులేకుండ చేయడము, ఓటమిలోని పాఠమును పనిలోనికి మళ్ళించుకొనడము, ఒక దారి మూసికొన్నప్పుడు నడవడానికి రెండవ దారిని సిద్ధముగా ఉంచుకొనడము: రామమూర్తిగారి జీవితమునుండి గ్రహింపదగిన పూనిక ఇది. మెడ ఇచ్చినది ఒకరు. బండి గమ్యము చేరినప్పుడు కాడి క్రింద ఉన్నది మరికొందరు. అట్లని మొదటి మెడ మోసిన దూరము తరుగదు.